ఇరవై రోజుల అలక

ఇస్ఫహాన్ చలికి, ఎండల ఊరు అబాదాన్ నుంచి వచ్చిన వాళ్లంటే మహా అలుసు. మైదానం నడిమి కొలను అంచున నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. ఇస్కందర్ ఉన్నిటోపీని చెవుల కిందికంటా లాక్కుని, అల్లుడి కోటులో సగం మునిగి, ఉడికించిన బీట్‌రూట్లమ్మే బండి దగ్గర చేతులు కాచుకుంటున్నాడు. ఆయన భార్య గోహర్ పదడుగుల అవతల నిలబడి వణుకుతోంది. మొగుడి పక్కన చేరి వెచ్చబడటం కంటే ఇక్కడే కొయ్యబారిపోవడం నయమనుకుంది.

"తర్లాన్, మీ తాతనడుగు, మందు బిళ్ల వేసుకున్నాడో లేదో."

తొమ్మిదేళ్ల మనవరాలు వెళ్లి తాత ఎదురుగా నిలబడి గొంతు చించుకుని అడిగింది. అది అందరితోనూ అలాగే మాట్లాడుతుంది. ఇస్కందర్ నవ్వి, "ఎప్పుడో వేసుకున్నా తల్లీ," అన్నాడు.

ఆ నవ్వు చూస్తేనే గోహర్‌కు ఒళ్లు మండుతుంది. ఏమీ జరగనట్టే నవ్వుతాడు. ఇరవై రోజుల కిందట అబాదాన్‌లో పెరట్లో బట్టలారేస్తూ ఆవిడ కాలు జారి పడింది. మోకాలు కదల్లేదు. పేరు పెట్టి మూడుసార్లు పిలిచింది. తలుపు తెరిచే ఉంది. గదిలో ఇటు వీపు పెట్టి కూర్చుని పేపరు చదువుతున్న మనిషి తాపీగా ఇంకో పేజీ తిప్పాడు. ఆ కాగితం చప్పుడు కూడా ఆవిడకు వినపడింది. చివరికి పక్కింటావిడ వచ్చి లేవదీసింది. పైగా సాయంత్రం కుంటుతుంటే "కాలికేమైంది?" అని అడిగాడు మహానుభావుడు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురం మీద గోహర్‌కు ఆ పూటే మనసు విరిగింది. మాట మానేసింది.

ఇస్ఫహాన్‌లో ఉంటున్న కూతురు పర్వానే, వచ్చి నాలుగు రోజులు ఉండి ఊరు చూసి వెళ్లమంటే సరేనన్నదీ అందుకే. తిరుగు బస్సు శుక్రవారం. తానది ఎక్కబోనని కూతురికొక్కదానికే చెప్పింది.

"ఆయన్ని బస్సెక్కించెయ్. నేనిక్కడే ఉండిపోతాను."

"ఈ వయసులో ఇదేం పంతమమ్మా?"

"ఈ వయసులో కాబట్టే. ఇంకోసారి పడితే నన్నెవరు లేపుతారు?"



చలికి తట్టుకోలేక నలుగురూ మైదానం అంచునున్న పాత రాజుల మేడ ఆలీ కాపూ కిందికి వచ్చారు. అక్కడి కప్పు వంపులో ఏం మహత్తు ఉందో గానీ, ఒక మూల గోడకు ముఖం పెట్టి గుసగుసలాడితే ఎదుటి మూలనున్న వాళ్లకు చెవిలో చెప్పినంత స్పష్టంగా వినిపిస్తుంది. తర్లాన్ ఒక మూలకు పరుగెత్తింది, పర్వానే ఎదుటి మూలకు వెళ్లింది.

"ఐస్‌క్రీమ్ కావాలిట దీనికి. ఈ చలిలో," అని పర్వానే వెనక్కి తిరిగి విసుక్కుంది. పిల్ల పడీపడీ నవ్వింది. తర్వాత పర్వానే తండ్రిని చెయ్యిపట్టి ఆ మూలన నిలబెట్టి, తల్లి దగ్గరకొచ్చింది.

"బస్సు సంగతి నువ్వే చెప్పు. నా నోటితో మాత్రం చెప్పించకు. మొహం చూడక్కర్లేదు, గోడతో చెబితే చాలు."

గోహర్ ఎదుటి మూల గోడ దగ్గరకు నడిచింది. ఇరవై రోజులుగా మనసులో నూరుకున్న మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. 'నేను రాను' అంటే చాలు, అయిపోతుంది. గోడ చలి ముక్కుకు తగిలింది. ఒక్క అక్షరం పైకి రాలేదు. అలాగే నిలబడిపోయింది.

"ఆఁ, విన్నాను, విన్నాను. బాగా వినపడింది," అంది వెనక నుంచి ఇస్కందర్ గొంతు.

"ఏమంది తాతా?" అంది తర్లాన్ ఎగురుతూ.

"అది మా ఇద్దరి మధ్యా మాట. నీకెందుకే."

వెక్కిరిస్తున్నాడనుకుంది గోహర్. కడిగేద్దామని గిరుక్కున తిరిగింది. ఇస్కందర్ నవ్వుతున్నాడు గానీ, కళ్లు మాత్రం ఆవిడ ముఖాన్ని వెతుకుతున్నాయి. సరిగ్గానే చెప్పానా అని గురువు వైపు చూసే పిల్లాడి చూపు అది. ముప్పై ఏళ్లు పంపుల షెడ్డు హోరులో పనిచేసిన మనిషి.

గోహర్ కుంటుకుంటూ ఆయన ఉన్న మూలకు వెళ్లి, ఆయన టోపీ ఒకవైపు పైకి లాగి, చెవిలో నోరు పెట్టి చెప్పింది. "నేనసలు నోరే తెరవలేదు."

ఇస్కందర్ నవ్వు ఆగిపోయింది. తల వంచుకున్నాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"రెండేళ్లయింది. ఎడమది పూర్తిగా పోయింది. కుడిది కాస్త నయం."

"నాతో చెప్పడానికేం?"

"చెబితే మాట్లాడటం తగ్గించేస్తావని," అన్నాడు ఇస్కందర్. "మా నాన్నకు చెవుడొస్తే మేమంతా అదే చేశాం. ఎవరు అరుస్తారులే అని అన్నిటికీ ఊఁ అని సరిపెట్టేవాళ్లం. నీ వాగుడు లేకుండా నేనుండగలనా? ఈ మధ్య ఇంట్లో నీ మాట ఒక్కటీ వినపడక, రెండోది కూడా పోయిందనుకున్నా. ఇక్కడికొచ్చాక అన్నీ పిల్ల చేత చెప్పిస్తుంటే, నీకు తెలిసిపోయిందని ఊరుకున్నా."

గోహర్‌కు నవ్వు, ఏడుపు ఒకేసారి ముంచుకొచ్చాయి. తానంత కష్టపడి అలిగితే, అలిగినట్టే తెలియలేదు ఈ మనిషికి. పెరట్లో పడిన సంగతి నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి దాన్ని అక్కడే మింగేసింది. ఇక ఏనాటికీ అది ఆయనకు చెప్పకూడదనుకుంది.

"ఇంతకీ గోడతో ఏం చెబుదామనుకున్నావ్?" అడిగాడు ఇస్కందర్.

పర్వానే ఊపిరి బిగబట్టి తల్లినే చూస్తోంది. గోహర్ ఆయన కుడిపక్కకు జరిగి, చుట్టూ ఉన్న జనమంతా తిరిగి చూసేలా అరిచి చెప్పింది.

"శుక్రవారం బస్సులో నేను మీకు ఇటుపక్క కూర్చుంటాను."