హెచ్చరికలు ఎవరికి వెళ్ళాలి

"నీ ఫోను నోరు నేనే నొక్కేశాను. ఒక్కపూటైనా ప్రశాంతంగా ఉంటావని," అన్నారు మా వారు చలపతి.

వరలక్ష్మీవ్రతమని సెలవు పెట్టి, తెల్లవారకముందే పొయ్యి దగ్గరికి చేరాను. పులిహోర, బూరెలు, పరమాన్నం నేనే చేశాను. పేరంటాళ్ళకి వాయనాలిచ్చి పంపాక ఫోను కోసం వెతికితే బీరువాలో చీరల కింద దొరికింది.

"కలశం ముందు కూర్చున్న మనిషి మాటిమాటికీ ఫోను చూసుకోవడం ఏంటి? నేనే చెప్పాను వాడికి," అన్నారు మా అత్తగారు మాణిక్యాంబ.

కాకినాడలో ఓడలకు సరుకు పంపే కంపెనీలో కంప్యూటరు స్టోరేజి యంత్రాన్ని చూసే ఉద్యోగం నాది. సరుకు కాగితాలన్నీ ఆ యంత్రంలోని డిస్కుల్లోనే ఉంటాయి. ఒక డిస్కు చెడిపోతే పని ఆగదు, నా ఫోనుకి హెచ్చరిక వస్తుంది. అది మార్చేలోగా రెండోదీ చెడిపోతే అంతా ఆగిపోతుంది. ఆ పూట రెండూ చెడిపోయాయి.

పాదాల పసుపుతోనే ఆటో ఎక్కాను. అప్పటికే లారీలు పోర్టు బయట బారులు తీరాయి. బ్యాకప్ నుంచి అంతా తిరిగి ఎక్కించేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. అప్పుడు మా మేనేజరు వీరబ్రహ్మంగారు అందరి ముందూ నన్ను నిలబెట్టి, హెచ్చరిక ఎందుకు చూడలేదని అడిగారు.

"సెలవు పెట్టానండి," అన్నాను.

"సెలవు నీకమ్మా, ఫోనుకి కాదు."

నా పక్క సీటు ప్రసన్నకుమార్ తల వంచుకున్నాడు. మిగతావాళ్ళకి హెచ్చరికలు ఎందుకు వెళ్ళలేదని ఒక్కరూ అడగలేదు. నిరుడు ఆదివారాలు కూడా ఫోన్లు మోగుతున్నాయని మగవాళ్ళంతా గొణిగితే వీరబ్రహ్మంగారే జాబితాలోంచి వాళ్ళ పేర్లు తీయించేశారు. "నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా," అన్నారు నాతో. ఇంట్లో ఉండటమంటే ఖాళీగా ఉండటమని ఆయనకెవరు చెప్పారో! ఇంట్లోవాళ్ళేమో నేను ఆఫీసుకి వెళ్ళేది కూర్చోవడానికే అనుకుంటారు. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా, "ఏసీలో ఉద్యోగం, మా వదినది అదృష్టం," అంటుంది. మజ్జిగ పులిసిందన్నా, డిస్కు చెడిందన్నా మాట పడేది నేనే. వాళ్ళను తప్పుపట్టే ముందు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను: మరి ఇన్నాళ్ళూ నువ్వెందుకు ఊరుకున్నావు? సీటుకి వచ్చి కూర్చున్నాను.

ఆ యంత్రంతో పని నల్లటి తెర మీదే. కమాండు టైపు చేస్తేనే అది వింటుంది. హెచ్చరికలు ఎవరికి వెళ్తున్నాయో చూపించమన్నాను. ఒక్కటే పేరు, నాది. దాని కింద ప్రసన్నకుమార్‌ని చేర్చాను. తర్వాత మిగతావాళ్ళని, ఆఖరున వీరబ్రహ్మంగారిని. వారానికొకరి వంతు చొప్పున పెట్టి, అందరికీ మెయిలు పంపాను. చివరగా అందరి ఫోన్లకీ ఒక పరీక్ష సందేశం వదిలాను.

హాల్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. వీరబ్రహ్మంగారు గదిలోంచి బయటికొచ్చారు.

"నా నంబరు ఎందుకు పెట్టావమ్మా? ఇది ఆదివారం కూడా మోగుతుందా ఏంటి?"

"మోగుతుందండి."

"తీసెయ్."

లేచి నా కుర్చీ ఆయనవైపు జరిపాను. "కమాండు నేను చెబుతానండి, మీరే టైపు చేసి తీసేయండి. ఎవరు తీశారో మాత్రం యంత్రం రాసుకుంటుంది."

ఆయన కుర్చీకేసి చూశారు, కూర్చోలేదు. ప్రసన్నకుమార్ చిన్నగా దగ్గాడు.

"ఈ వారం వంతు మీదండీ," అని చెప్పి, బ్యాగు తగిలించుకుని బస్సుకి బయల్దేరాను.