ఏ పచ్చ?

మా ఆయన పనిచేసే భవనం ఊరందరికీ రేపటి వాతావరణం చెబుతుంది. సాయంత్రం కాగానే దాని నెత్తిన దీపాలు వెలుగుతాయి. ఆకుపచ్చ అయితే ఎండ, పసుపుపచ్చ అయితే మబ్బు, ఎరుపు అయితే వాన. ఆ దీపాల స్విచ్చులు మా ఆయన చేతిలో ఉంటాయి. ఆయనకు మాత్రం ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియదు.

పెళ్ళైన కొత్తలో నా ఆకుపచ్చ చీర చూసి, "ఈ ఎర్రచీరలో బావున్నావు," అన్నాడు. సరసమనుకుని మురిసిపోయాను. తర్వాత ఒట్టు వేయించుకుని అసలు సంగతి చెప్పాడు. ఉద్యోగంలో చేరేటప్పుడు కళ్ళ పరీక్ష ఎలా గట్టెక్కాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. బయటపడితే మాత్రం ఉద్యోగం ఊడుతుంది.

స్విచ్చు నొక్కితే రంగు మారాలి. ఒక్కోసారి మొరాయిస్తుంది. మారిందో లేదో ఎవరో ఒకరు కళ్ళతో చూసి తీరాలి. ఆ కళ్ళు నావి. మా వంటింటి కిటికీలోంచి ఆ భవనం నెత్తి కనిపిస్తుంది. దీపాలు వెలగ్గానే ఫోను వచ్చేది.

"ఏంటి?"

"పచ్చ."

"ఏ పచ్చే? ఆకా, పసుపా? సరిగ్గా చెప్పి చావు!"

అలా నా సాయంత్రాలన్నీ ఆ కిటికీ పాలయ్యాయి. ఎవరింటికి రమ్మన్నా సాయంత్రం కుదరదనేదాన్ని. చుట్టాలు నాకు పొగరనుకున్నారు. అనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాను. సంసారమన్నాక ఒకరి లోటు ఒకరు కప్పుకోవద్దూ?

ఈమధ్య మా అమ్మ ఆసుపత్రిలో పడింది. అది ఊరికి ఆ చివర, అక్కణ్ణించి ఈ భవనం కనిపించదు. రోగుల్ని చూడనిచ్చేదేమో సాయంత్రం మాత్రమే, సరిగ్గా దీపాలు వెలిగే వేళకి.

"ఇవాళ ఒక్కరోజు పెందలాడే వెళ్ళొస్తానండీ," అని బతిమాలాను.

"నీ ఇష్టం. రేపు మనం రోడ్డున పడితే మీ తమ్ముడు మేపుతాడేమో కనుక్కో," అన్నాడు.

ఇక రోజూ ఫోనులో రంగు చెప్పి, ఇంటికి తాళం పెట్టి, పరుగున బస్సెక్కి వెళ్ళేసరికి ఆసుపత్రి గేటు మూసేసేవాళ్ళు. వాచ్‌మన్ కాళ్ళావేళ్ళా పడ్డా లాభం లేకపోయేది. తమ్ముడు బయటికొచ్చి, "నీ గురించే అడుగుతోందక్కా. ఇంతసేపూ తలుపు వైపే చూసింది," అనేవాడు. ఒకరోజు నేను కిటికీ దగ్గర నిలబడి "ఎరుపు" అని చెబుతున్న వేళకి, అక్కడ అమ్మ పోయింది.

అప్పుడు కూడా ఆయన్ని తప్పుపట్టలేదు. అన్నం పెట్టే ఉద్యోగం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

తర్వాత ఒకరోజు ఆయన కింద పనిచేసే అతను పరామర్శకి వచ్చాడు. మా ఆయన స్నానం చేస్తున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "ఆ దీపాలతో మీకూ తలనొప్పేనా?" అన్నాను.

"ఇప్పుడేం కష్టం వదినగారూ? ఎదురు మేడ మీద కెమెరా పెట్టారుగా. ఏ రంగు వెలిగితే ఆ పేరు మా ముందు తెర మీద ఇంతింత అక్షరాలతో పడుతుంది. రంగులు తెలియనివాడైనా చేసెయ్యొచ్చు," అని నవ్వాడు.

"ఎప్పుడు పెట్టారు?"

"పోయినేడే."

అతన్ని పంపించి, స్నానం చేసి వచ్చిన మా ఆయనకి ఎదురుగా నిలబడ్డాను. ఒళ్ళు మండిపోతోంది.

"తెర సంగతి నాకెందుకు చెప్పలేదు?"

బుకాయిస్తాడనుకున్నాను. అదీ లేదు. తాపీగా తల తుడుచుకుంటూ, నేనే ఏదో అఘాయిత్యం చేసినట్టు చూశాడు.

"నువ్వు రంగు సరిగ్గా చెబితే, ఇంట్లోనే ఉన్నావని నాకో నిశ్చింత. ఇల్లాలు సాయంత్రంపూట ఇంటిపట్టున ఉంటే తప్పేంటి? ముందే చెప్పేసుంటే రోజూ ఎక్కడ ఉండేదానివి?"

"మా అమ్మ దగ్గర," అన్నాను.