నీలవ్వ జాగ

నీలవ్వ మూతి ఒక పక్కకు పోయి, పసుపు కొమ్ముల కుప్ప మీదికి ఒరిగినప్పుడు పసుపు వ్యాపారి శ్రీపతి సేటు అన్న మొదటి మాట భాగ్యవ్వ చెవుల్లోంచి ఇంకా పోలేదు.

"కుప్ప మీదికెల్లి పక్కకు గుంజుండ్రి. వేలానికి టైమైతున్నది."

పసుపు ఒంటికి మంచిదంటారు. అది ఏరేవాళ్ల ఒంటి సంగతి ఎవరడిగారు? నందిపేట్ నుంచి ఆర్మూర్ యార్డుకొచ్చే ఆడవాళ్లు వరుసగా కూర్చుని కొమ్ములు ఏరుతారు. ఇప్పుడు భాగ్యవ్వ పక్కన నీలవ్వ చోటు ఖాళీ. అలవాటుగా అటు చాట అందించబోతుంది. ఎవరో అందుకుంటున్నట్టే ఉంటుంది. తిరిగి చూస్తే దుమ్ము తప్ప ఏమీ ఉండదు. భయమేస్తుంది, అంతకు మించి సిగ్గేస్తుంది.

ఆ ముఠాలో సద్ది కలుపుకుని తింటారు. బీపీ గోలీలూ అంతే. ఊళ్లో నర్సు రూత్ బీపీ చూసి గోలీలిచ్చేది యార్డులో పని ఉన్న రోజునే. నాగా పెడితే సేటు మర్నాడు ఆ చోట్లో వేరే మనిషిని కూర్చోబెడతాడు. అందుకని వంతుకొకరు పోయి తెస్తే, తల తిరిగినవాళ్లు తలా ఒకటి మింగేవాళ్లు. నీలవ్వ తన గోలీలన్నీ పంచేసి తనకేమీ మిగుల్చుకోలేదు. వాటిలో భాగ్యవ్వ మింగినవీ ఉన్నాయి.

దినాలు కాగానే సేటు ఒక కొత్త మనిషిని తోలుకొచ్చాడు.

"జరుగుండ్రి. గా జాగల గీమె కూసుంటది."

ఎవరూ జరగలేదు.

"గోలీలు పుట్నాల లెక్క పంచుకోని మీరే సంపుకున్నరు. నన్నేం జేయమంటరు?"

భాగ్యవ్వకు పుండు మీద కారం పడినట్టయింది. లేచి నిలబడింది.

"అవు సేటూ, పంచుకున్నం. అందరం పోతమంటే నువ్వు పోనిచ్చినవా? ఇగ పంచుకోం. నర్సమ్మ మిషిని వట్టుకోని గీడికే రావాలె. ఎవ్వలి గోలీలు వాళ్లకియ్యాలె. అప్పటిదాంక కొమ్ము కదలది."

"సేటుతోని పెట్టుకుంటే బతుకుతమానే?" అని వెనకనుంచి ఒకామె గొణిగింది.

"నీలవ్వ పెట్టుకోలే. బతికిందా?" అంది భాగ్యవ్వ.

హమాలీ జితేందర్ భుజం మీది బస్తా దించేశాడు. "మా అవ్వకు గూడ గిదే బీపీ" అని దాని మీదే కూర్చున్నాడు.

భాగ్యవ్వ రవిక చేయి పైకి లాక్కుని, మిషన్ కోసం చెయ్యి చాపి కూర్చుంది. వరుసంతా చేతులు చాపింది. కొత్త మనిషి వరుస చివరకు పోయి కూర్చుని తనూ చెయ్యి చాపింది.

"నాగ్గూడ తల తిరుగుతది" అంది.

సేటు ఫోనుతో పోలీసు జీపు వచ్చింది. ఎస్సై వరుసలో భాగ్యవ్వ పక్కన ఖాళీ చూసుకుని అందులోకి అడుగేశాడు.

"లేస్తరా, జీపెక్కియ్యాల్నా?"

చాపిన చెయ్యి దించకుండానే భాగ్యవ్వ అంది:

"ఎక్కియ్యి సారూ. గని జర పక్కకు నిలవడు. గాడ మనిషున్నది."