కళింగపట్నం కుక్క

మా ఆయనకి ఏదైనా నచ్చిందంటే కొనేదాకా తనకి నిద్ర పట్టదు, కొన్నాక మాకు నిద్ర పట్టదు. ఆ ఏడు వానలకి ముందు, ఎండుచేపల కోసం ధాన్యం బండి కట్టుకుని కళింగపట్నం వెళ్ళిన మనిషి, చేపల మూటతో పాటు ఒక కుక్కని కూడా మా వాకిట్లో దింపాడు. గోధుమరంగు కుక్క. నిక్కబొడుచుకున్న చెవులు. బొచ్చులో ఇంకా ఇసక ఉంది.

"ఏటి బావా ఇది?" అన్నాను.

"కుక్క."

"అది కనబడతన్నాది. ఏటికని అడుగుతన్నాను."

"కాపలాకి. దాలయ్యని బతిమాలి, ఓ బస్తా ధాన్యం ఎక్కువిచ్చి తెచ్చినాను. పగలల్లా ఇసకలో పరుగులే పరుగులు, అరుపులే అరుపులు. ఇంక ఏ దొంగెదవైనా మన సాల్లో అడుగెట్టమను, సూద్దాం."

దాలయ్య అంటే కళింగపట్నంలో మేం ఏటా ఎవరి దగ్గర చేపలు తెచ్చుకుంటామో ఆయన. ఇక దొంగ సంగతంటారా, అంతకు కొద్దిరోజుల ముందే మా పశువుల సాలలోంచి ఇత్తడి గంగాళం ఎవరో ఎత్తుకుపోయారు. కోటబొమ్మాళి సంతలో దొరుకుతుందేమోనని మా ఆయన వెతికి వెతికి, చివరికి ఈ కుక్క దగ్గర తేలాడు. దానికి టైగరు అని పేరు కూడా తనే పెట్టాడు. ఆ పేరుతో ఎంత పిలిచినా అది ఇటు తల తిప్పేది కాదు.

దాని కాపలా ఏపాటిదో మర్నాడే తెలిసింది. గాజులమ్మే మనిషి వాకిలి దాటి, అరుగు దాటి, వంటింటి గుమ్మం దాకా వచ్చేశాడు. టైగరు వెంటే తోక ఊపుకుంటూ వచ్చి అతని కాళ్ళు నాకింది. గంగాళం దొంగే మళ్ళీ వచ్చినా ఇంకో గిన్నె చూపించి పంపేలా ఉంది. మనుషుల మీద అరవని కుక్క, పక్కింటి దేముడమ్మ కోళ్ళ మీద మాత్రం ఇంతెత్తు లేచేది. కరిచేది కాదు, దడి అవతలికి తరిమేసి వెనక్కి వచ్చి కూర్చునేది. దేముడమ్మ దడి మీదుగా మెడ చాచి రోజూ మా వంశాన్ని తిట్టేది.

"రైల్లో ఎక్కించీయండే దాన్ని! గూడ్సు బండెక్కించీసి సేతులు దులుపుకోండి!"

"అలవాటు పడతాది, కొత్త కదా" అనేవాడు మా ఆయన. కొన్న వస్తువు చెడ్డదని ఒప్పుకోవడం ఆయన ఒంట్లో లేదు.

మా అత్త లక్ష్మణమ్మ మాత్రం ఏమీ అనేది కాదు. మామగారు పోయినప్పటి నుంచి ఆవిడ మాటలే తగ్గిపోయాయి. కుక్కకి గంజి పోసేది. అది వాసన చూసి, రెండు గుక్కలు తాగి, పోయి తూర్పు వైపు తిరిగి కూర్చునేది. ఆవిడ దాన్నే చూస్తూ నిలబడేది.

నాకేమో లోపల ఒకటే దురద. ఎందుకో తెలియకుండా ఒక విషయాన్ని వదిలేయడం నా చేత కాదు. పగలంతా ఇసకలో పరుగెత్తి అరిచిన కుక్క, అక్కడ దేని మీద అరిచినట్టు? మా ఆయన్ని అడిగితే, "కుక్కన్నాక అరవదేటి?" అన్నాడు. ఇంకో సంగతి. నేను అంట్లు తోమే చోట మెతుకులు పడితే పొద్దెక్కేసరికి చోటంతా శుభ్రంగా ఉండేది. ఇప్పుడు సాయంత్రం దాకా పడ్డచోటే ఎండిపోతున్నాయి. మరి ఇదివరకు ఎవరు తినేవారు? అక్కడిదాకా వచ్చేసరికి పొయ్యి మీద పప్పు పొంగింది, నేను లేచిపోయాను.

నా దురద అంతటితో ఆగలేదు. మా ఆయన తెచ్చిన ఎండుచేపల్ని అత్త కుండలో పోసి, మూతకి గుడ్డ కట్టి, ఉట్టి మీదికి ఎక్కించేసింది. ఒక్కనాడూ దింపలేదు. ఎండు నెత్తళ్ళ పులుసంటే ప్రాణమిచ్చే మనిషి ఆవిడ. "వండనా అత్తా?" అంటే, "నీకు కావాలంటే వండుకో, నాకొద్దు" అనేది. ఆవిడ తినకపోతే నాకెలా మింగుడు పడుతుంది? అందుకని నేనూ వండలేదు.

ఇంతలో మామగారి ఏడాది వచ్చింది. పంతులు చేయించాల్సింది చేయించి వెళ్ళిపోయాడు. పెరట్లో అలికి, ముగ్గు పెట్టి, అరటాకులో పిండం, ఆయనకి ఇష్టమైన వంకాయ కూర, గారెలు పెట్టాం. కాకి ముడితే గాని ఇంట్లో ఎవరూ అన్నం ముట్టకూడదు. దూరంగా జరిగి చూస్తూ కూర్చున్నాం. కుక్క గడ్డిమేటు నీడలో కాళ్ళు చాపుకుని పడుకుంది.

కాకి రాలేదు.

మా ఆయన "కా, కా" అని పిలిచాడు. తర్వాత చేతులు జోడించాడు. "అయ్యా, సాలకి కొత్త పెంకు వేయిస్తాను." రాలేదు. "శ్రీముఖలింగం ఎల్లి అభిషేకం సేయిస్తాను." రాలేదు. "ఇంక సీట్లాడను." ఆ మాటకి నేను ఆయన వైపు తిరిగి చూశాను. చీట్లాడుతున్నాడని నాకు అప్పుడే తెలిసింది. దానికీ కాకి రాలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. అత్త మొహం చూస్తే నాకు భయమేసింది. రక్తం లేనట్టు పాలిపోయింది.

"మీరేటి మొక్కినా రాడు" అంది. "కోపం నా మీద."

"నీ మీద ఏటికమ్మా?"

"కాళ్ళు వాసిపోయి ఉప్పు మానమన్నారు కదా డాక్టరు. ఆకరి రోజు నన్ను పిలిసి, గెంజిలోకి ఒక్క ఎండుసేప కాల్సి పెట్టవే అన్నాడు. సిన్నపిల్లడిలాగ అడిగినాడురా. రేపు పెడతాను, పడుకో అన్నాను. రేపన్నది లేకుండా పోనాది. ఆ కోరికతోటే ఎల్లిపోనాడు. ఇంక నా సేతి కూడు ఎలా ముడతాడు?"

ఏడాదంతా ఈవిడ లోపల ఏం మోస్తోందో నాకూ తెలియలేదు. అంత తెలివైనదాన్ని అనుకుంటాను గాని, నాకు ఏడుపొచ్చింది.

అత్త లేచి కుండ దింపింది. నిప్పుల మీద గుప్పెడు చేపలు కాల్చి, తెచ్చి పిండం పక్కన పెట్టింది. ఆ వాసనకి ఎక్కడెక్కడి కాకులో వచ్చి దేముడమ్మ కొబ్బరిచెట్టు మీద వాలాయి. వాలి, అక్కడే ఉండిపోయాయి. వాసన కుక్కకీ తగిలింది. గబుక్కున లేచి సరాసరి ఆకు దగ్గరికి వచ్చింది.

"ఓలమ్మో, తినీస్తాది!" అని మా ఆయన కర్ర తీశాడు.

"ఆగు బావా" అన్నాను. ఎందుకు ఆపానో ఆ క్షణంలో నాకే తెలియదు. దాని నడక చూసి ఆపాను. తిండికి వచ్చే కుక్క నడక కాదది.

అది ఆకుకి మూరెడు దూరంలో ఆగింది. చేపల వైపు ఒకసారి చూసింది. ముట్టలేదు. వెనక్కి తిరిగి, ఆకుకి వీపు పెట్టి కూర్చుని, మొహం పైకెత్తి కొబ్బరిచెట్టు వైపు చూడడం మొదలుపెట్టింది. ఒక కాకి ధైర్యం చేసి కిందికి వచ్చిందో లేదో, కుక్క గాల్లోకి ఎగిరి అరిచిన అరుపుకి చెట్టు మీదున్నవి కూడా లేచిపోయాయి. మళ్ళీ వచ్చి ఆకు పక్కన కూర్చుంది. మా ఇంటికి వచ్చిన నాటి నుంచి దాని కళ్ళలో అంత వెలుగు నేను చూడలేదు.

"బావా, దాలయ్య సేపలు ఎక్కడ ఎండబెడతాడు?"

"ఇసకలో. ఇదీ ఆ ఇసకలోనే..." అని మా ఆయన ఆగిపోయాడు.

నేను అత్త చేతులు పట్టుకున్నాను. "అత్తా, మావకి కోపం లేదు. కాకులకి బయ్యం, అంతే. ఇది వచ్చిన కాడ్నించి మన పెరట్లో ఒక్క కాకి వాలలేదు. ఇది కాకుల్ని తరిమే కుక్క. సేపలకి కాపలా కుక్క."

కుక్కని ధాన్యం గదిలోకి లాక్కెళ్ళి తలుపు వేశాను. లోపల్నుంచి తలుపు గీకుతూ ఒకటే గోల. మేం ముగ్గురం మళ్ళీ దూరంగా జరిగి కూర్చున్నాం. ఒక కాకి దిగింది. అటూ ఇటూ గెంతింది. పిండం వైపు చూడలేదు, గారె వైపు చూడలేదు. ఒక చేపని ముక్కున కరుచుకుని లేచిపోయింది.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, మధ్యలో నవ్వింది. "సూసినారా, సేపే ఎత్తుకెల్లినాడు" అంది.

ఆ పూట భోజనాలయ్యాక మా ఆయనకి కుక్క మీద ప్రేమ ముంచుకొచ్చింది. "ఎదురుగా పెట్టినా ముట్టలేదు, ఎంత నీతి దానికి! ఇంక దీన్ని ఒగ్గను. దొంగల్ని పట్టడం నానే నేర్పుతాను" అన్నాడు.

"ఒగ్గీరా, ఎల్లనీ" అంది అత్త. "దాని పనీ, దాని మనసూ ఆడున్నాయి. మనసొకటి అడుగుతుంటే గెంజి పోసి పడుకోబెట్టడం ఒక్కపాలి సేసినాను. మళ్ళీ సెయ్యను."

మర్నాడే బండి కట్టాం. చూడకుండా ఉండలేక నేనూ ఎక్కాను. సముద్రం ఇంకా కనబడకముందే అది బండిలో లేచి నిలబడింది. దాలయ్య మమ్మల్ని చూసి పరుగున వచ్చాడు.

"తెచ్చీసినారా బాబూ? సచ్చి మీ కడుపున పుడతాను! అది ఎల్లిన కాడ్నించి కాకులు నా కొంప ముంచీసినాయి. దొంగల్ని పడతాదని నానెప్పుడైనా సెప్పినానా? మీరు అడగనూ లేదు!" అని, "ఒరే గంగులూ!" అని ఒక్క కేక పెట్టాడు.

ఆ పేరు వినగానే కుక్క ఒక్క దూకున కిందికి దూకి, ఎండబెట్టిన చేపల వైపు పరుగెత్తింది. తీరమంతా కాకులు లేచాయి. మా ఆయన "టైగరూ" అని మెల్లగా పిలిచాడు గాని, అది వినలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్త వాకిట్లో నిలబడి ఉంది.

"ఎల్లినప్పుడు తిరిగి సూసినాదా?"

మా ఆయన సూసినాదని చెప్పబోయాడు. నేను అడ్డం పడ్డాను. "లేదత్తా. ఒక్కపాలైనా సూడలేదు."

"పోన్లే" అంది. "సుకంగా ఎల్లినాది."

లోపలికి వెళ్ళి ఉట్టి మీద కుండ దింపింది. చింతపండు నానబెట్టమని నాకు చెప్పింది. ఆ సాయంత్రం మాకు వడ్డించి, తనూ కంచం ముందు కూర్చుని, ఏడాది తర్వాత మొదటిసారి పులుసులోంచి ఒక చేప తీసి తన అన్నంలో వేసుకుంది.