ఎనిమిది అడుగులు

ఆ పొద్దున చిన్నరాములు చేతిలో ఉన్న సరుకు ఇంతే: రెండు వందల పది రూపాయలు, తుంటి ఎక్స్‌రే, తొమ్మిది నెలలు తిరిగితే దొరికిన వికలాంగుల క్యాంపు స్లాట్ కాయితం, ఒక వెదురు కర్ర. చిట్కుల్‌లోని కిరాయి గదిలో కూర్చుని ఉడికిన శనగ గుడాలను పొట్లాలు కడుతున్నాడు. ఫ్యాక్టరీ గేటు ముందు అవి అమ్ముడుపోతేనే ఆ పూట బియ్యం.

భార్య సుమిత్ర తన బట్టల సంచి సర్ది గోడకు ఆనించింది.

"పొద్దుమూకంగ ఆరింటికి పనింటోళ్ళు బండి పంపుతరట. ముసలాయన మంచంల ఉన్నడు. ఎత్తాలె, కడగాలె, రాత్రింబగళ్ళు ఆడనే ఉండాలె. పద్నాలుగు వేలు."

"కాయితమొస్తే?"

"డాక్టరు నలభై శాతం వైకల్యమని రాస్తే పింఛనొస్తది. కిరాయి ఎల్తది, నీ మందులెల్తయి. ఇగ నేనెందుకు పోత?"

ఈ పారిశ్రామికవాడలో కూలీని పేరడగరు. నడక చూస్తారు. ఇనుప కడ్డీల కట్ట తుంటి మీద పడ్డప్పుడు గుత్తేదారు ఇరవై వేలు చేతిలో పెట్టి, చిట్టాలో పేరు కొట్టేశాడు. ఇరవై వేలకు తుంటి! కసాయి కూడా అంత చవగ్గా కొనడు. ఆ తర్వాత ఎనిమిది నెలలు చిన్నరాములు వేరే గేట్ల దగ్గర నిలబడ్డాడు. కర్రను పాన్‌డబ్బా వెనుక దాచి, పళ్ళు బిగబట్టి, గుత్తేదారు ముందు నిటారుగా నడిచేవాడు. కుంటితే కూలి లేదు. నొప్పిని దాచడం ఒక్కటే చివరికి అతనికి మిగిలిన పనితనం.

క్యాంపు పెట్టిన ఆసుపత్రి గేటు దగ్గర ఆటో దిగగానే అతని చేయి అలవాటు కొద్దీ కర్రను చాయ్ బండికి ఆనించింది. సుమిత్ర అప్పుడు ఆటోవాడితో పది రూపాయల కోసం పోట్లాడుతోంది.

"ఏం పెద్దమనిషీ, కర్ర ఇడిసిపోతున్నవ్?" అన్నాడు చాయ్‌వాలా.

"జెర సూస్తుండు, ఇప్పుడే వస్త."

లోపలికి ఒక్కరినే రమ్మన్నారు. డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చూసి, తల ఎత్తకుండానే అన్నాడు: "నడువు."

గుత్తేదారు గొంతు కూడా అంతే. గోడ నుంచి బల్ల దాకా ఎనిమిది అడుగులు. చిన్నరాములు ఊపిరి బిగబట్టి, వీపు నిలబెట్టి నడిచాడు. చొక్కా వెనుక చెమట ధారకట్టింది. అది డాక్టరుకు కనపడలేదు.

"బాగానే నడుస్తున్నావే! ముప్పై ఆరు."

"నొప్పైతది సారూ... కర్ర బయట ఉన్నది..."

"ఆరు నెలలయ్యాక మళ్ళీ పెట్టుకో. తర్వాత ఎవరు?"

బయట సుమిత్ర కాయితం చూసి నుదురు కొట్టుకుంది.

"పెండ్లిసూపులకు పోయినవా, సక్కగ నడిసి సూపెట్టనీకి?"

"నడువంటే నడిసిన."

"కిందవడ్డోనికే ఇస్తరయ్యా, నిలవడ్డోనికి ఇయ్యరు!"

"తుంటి ఇరగ్గొట్టినోడు ఏసీల కూసున్నడు. కుంటుతలేనని నాకు జుర్మానా!" ఎంత గట్టిగా అరిచాడంటే వరుసలోని వాళ్ళంతా తిరిగి చూశారు. ఆమె చేయి పట్టి అతన్ని ఆటో ఎక్కించింది. కోపంలో ఇద్దరికీ ఇంకేదీ గుర్తు రాలేదు.

ఆరింటికి బండి వచ్చింది.

"శనగలు నానబెట్టిన. పొద్దుగాల పొయ్యి మీదెయ్. గోలీలు మరువకు," అని సుమిత్ర సంచి తీసుకుంది. తన మొగుణ్ణి ఎత్తాల్సిన చేతులతో ఎవరి తండ్రినో ఎత్తడానికి పోయింది. బండి మలుపు తిరిగేదాకా చిన్నరాములు నిటారుగానే నిలబడ్డాడు. ఆ తర్వాత చేయి పక్కకు చాచాడు. చేతికి గాలి తగిలింది.

రోజు లెక్క తేలింది. ఆటోలకు నూట అరవై పోయింది, ఇంట్లో మనిషి పోయింది. దక్కింది ముప్పై ఆరు శాతం. ఆసుపత్రి గేటు బయట, చాయ్ బండికి ఆనుకుని, అతని కర్ర ఇంకా నిలబడే ఉంది.