నాలుగో తిప్పులో

"తిండెక్కువైతే ఇంజనుకైనా, మనిషికైనా బద్ధకమే లోర్నా," అన్నాడు డెస్, ఆమె పళ్లెంలో రెండో గుడ్డు వేసుకుంటుంటే.

గాలిలో కలిసే పెట్రోలు ఎంత తగ్గిస్తే విమానం ఇంజను అంత చురుకని అతనికి వాళ్ళ నాన్న నేర్పిన పాఠం. విమానం నేల విడవగానే పెట్రోలు తగ్గించే ఎర్ర మీట వెనక్కి లాగుతాడు. ఇంజను దగ్గితే వెంట్రుకవాసి ముందుకు తోస్తాడు. పూర్తి బలంతో పైకెక్కేటప్పుడు పెట్రోలు ధారాళంగా ఇవ్వాలని, ఆ తడే లోపలి వేడిని లాగేస్తుందని, లేకపోతే వాల్వులు కాలిపోతాయని లోర్నా చెప్పి చూసింది. "ప్లగ్గులు తోమేదానివి, నువ్వు నాకు ఎగరడం నేర్పుతావా?" అని నవ్వాడు. ప్లగ్గులు తోమడం, నూనె మార్చడం, పొద్దున్నే విమానం ముక్కు మీది పంకా రెక్కను చేత్తో తిప్పి చూడడం, అన్నీ ఆమె పనులే. అంట్లు తోమినట్టే ఇదీ ఎవరి కంటికీ ఆనదు. అందుకు ఆమెకి మండుతుంది.

అంట్లు అలాగే వదిలేసి షెడ్డుకి వెళ్ళింది. ఇవాళ పైనుంచి పశువుల మందను తోలడానికి డెస్ మొదటిసారి కూతుర్ని కూడా ఎక్కించుకుంటున్నాడు. జిల్లీ అప్పటికే టోపీ పెట్టుకుని విమానం సీట్లో కూర్చుంది.

"తొందరగా తిప్పమ్మా. నాన్న వచ్చేస్తాడు."

లోర్నా ఇంజను తాళంచెవి తీసి జేబులో వేసుకుని రెక్క పట్టుకుంది. ఇంజనులో నాలుగు సిలిండర్లు, తిప్పు తిప్పుకీ ఒకదాని వంతు. మూడుసార్లు రెక్క చేతికి ఎదురుతిరిగింది. నాలుగోసారి ఏ పట్టూ లేకుండా వచ్చేసింది. పొగగొట్టంలోంచి సన్నగా ఒక నిట్టూర్పు. ఆడమనిషిది. వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ నాలుగోసారే, అదే నిట్టూర్పు. వాల్వు కాలి గాలి కారుతోందని ఆమెకి తెలుసు. తెలిసినా మళ్ళీ చెవి ఒగ్గింది. ఆ గొంతు తనదే. పొయ్యి ముందు, మంచం మీద, జవాబు మింగేసిన ప్రతిసారీ తన నోట్లోంచి వచ్చేది అదే.

"ఇంకోసారి తిప్పు," అంది గుమ్మంలోంచి అత్తగారు థెల్మా.

ఇంజన్లు మగాళ్ళ గొడవని కోడలి నోరు మూయించే మనిషి ఆవిడ. లోర్నా తిప్పింది. నిట్టూర్పు విని థెల్మా లోపలికి వచ్చింది.

"విమానం కూలి మీ మామ పోయిన రోజు పొద్దున ఆ విమానమూ ఇలాగే అంది. చెప్పాను. నవ్వి ఎక్కాడు."

 డెస్‌కి చెబితే ఏమంటాడో ఇద్దరికీ తెలుసు.

"జిల్లీ, దిగు," అంది లోర్నా. పానా తీసుకుని, ఇంజను లేవకుండా ప్లగ్గులన్నీ ఒక్కొక్కటే విప్పింది. దొడ్డిలో డెస్ బూట్ల చప్పుడు దగ్గరికొస్తోంది. గుప్పెడు ప్లగ్గులతో ఎటు పోవాలో తోచక నిలబడింది.

థెల్మా తన ఏప్రన్ జేబు తెరిచి పట్టుకుంది.

"ఇందులో వెయ్యి. నా కొడుకు ఏనాడూ నా వంక చూసిన పాపాన పోలేదు."