ఉద్యోగం వచ్చినవాళ్ల జాబితా

తార్నాక చౌరస్తాలో నీ ఫోటో పెట్టారని కరుణకు మొదట చెప్పింది మనీషా. ఇద్దరూ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ కలిసి చదివారు, ఇప్పుడు తార్నాకలో ఒకే గదిలో ఉంటున్నారు. కరుణ నమ్మలేదు, వెళ్లి చూసింది. మెట్రో స్టేషన్ మెట్ల పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ. అందులో తను కవరు పట్టుకుని నవ్వుతోంది. కింద "చదివిన ప్రతి బిడ్డకూ కొలువు" అని రాసుంది.

మూడు వారాల కింద క్యాంపస్ ఆడిటోరియంలో ప్రభుత్వం జాబ్ మేళా పెట్టింది. కరుణను రెండు నిమిషాలు మాట్లాడించి ల్యాబ్ అనలిస్టుగా తీసుకున్నామన్నారు. ఇరవై మందిని వేదిక ఎక్కించి కవర్లు ఇచ్చారు, సంతకాలు తీసుకున్నారు, ఫోటోలు తీశారు. ఆ తర్వాతి సోమవారం పొద్దున్నే కరుణ ఆ కవరులోని అడ్రసు పట్టుకుని మౌలాలి వెళ్లింది. అక్కడ ల్యాబ్ లేదు. ఒక రేకుల గోడౌన్, దాన్నిండా నీళ్ల ఫిల్టర్ల డబ్బాలు ఉన్నాయి. ఇల్లిల్లూ తిరిగి వాటిని అమ్మాలట, నెలకు పది అమ్మితేనే జీతమట, బండి సొంతంగా ఉండాలట. వచ్చిన బస్సులోనే వెనక్కి తిరిగింది.

పోనీలే అనుకుని మర్చిపోబోయింది. ఇంతలో ఊరి నుంచి నాన్న వెంకటనర్సయ్య ఫోన్ చేశాడు. పేపర్లో ఫోటో చూశాడట, చాయ్ హోటల్ దగ్గర అందరికీ చూపించాడట. "మా బిడ్డ నౌకరి కొట్టిందని చెప్పిన" అన్నాడు. అబద్ధమని చెప్పడానికి కరుణకు నోరు రాలేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. క్యాంపస్ పక్కనే ప్రభుత్వ ఉచిత కోచింగ్ సెంటర్ ఉంది. పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది కరుణ. క్లాసులు మొదలైన రోజు వెళితే, కంప్యూటర్ ముందు కూర్చున్న క్లర్కు ఆమె పేరు కొట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమె పేరు ఎదురుగా 'ఉపాధి పొందినవారు' అని వస్తోంది. ఉద్యోగం ఉన్నవాళ్లకు ఉచిత సీటు ఉండదు. రద్దయింది.

అక్కడి నుంచి నేరుగా, ఆ మేళా నడిపిన యువ ఉపాధి కేంద్రం కార్యాలయానికి వెళ్లింది. అక్కడి అధికారి కొండలరావు ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. భీమవరం వైపు మనిషి, ముప్పై ఏళ్లుగా హైదరాబాదులోనే కాపురం. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. మేము ఉద్యోగం చూపించాం, చేరకపోవడం మీ ఇష్టం, మా లెక్కలో మీకు వచ్చినట్టే అని మర్యాదగా చెప్పాడు. పేరు తీయమంటే, పైకి వెళ్లిపోయిన జాబితాను తను మార్చలేనన్నాడు.

ఆ మర్యాదకే కరుణ ఒళ్లు మండిపోయింది. తిట్టినా ఇంత మండేది కాదేమో.

గదికి వచ్చి పేపర్లో అచ్చయిన ఫోటో ముందు పెట్టుకుంది. వేదిక మీద తన పక్కన నిలబడ్డ రాంచందర్ లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉంటాడని గుర్తుంది. వెళ్లి అడిగింది. అతన్ని ల్యాబ్ టెక్నీషియన్ అని తీసుకెళ్లి ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కాపలా పెట్టారు, నాలుగో రోజు మానేశాడు. ఇద్దరూ కలిసి వారం రోజులు తిరిగారు. ఇరవై మందిలో పద్నాలుగు మంది దొరికారు. ఒక్కరికీ ఉద్యోగం లేదు. హరిచందన అనే అమ్మాయికైతే నర్సింగ్ శిక్షణలో వచ్చిన సీటు కూడా ఈ జాబితా వల్లే పోయింది. కరుణతో మాట్లాడుతున్నంతసేపూ ఆ పిల్ల తల ఎత్తలేదు.

మర్నాడు పది గంటలకు పద్నాలుగు మందీ కొండలరావు గదిలోకి వెళ్లారు. ఆయన చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కరుణను దగ్గరికి పిలిచి, ఆమె ఒక్కదాని పేరు పొరపాటున చేరిందని కాగితం రాసిస్తాననీ, దాంతో సీటు తిరిగి వస్తుందనీ నెమ్మదిగా చెప్పాడు.

"నా ఒక్కదానిదే పొరపాటు ఎట్లయితది సార్?" అంది కరుణ. "మమ్ముల సదివిస్తమన్నరు, సదివిచ్చిన్రు. కొలువు సూపిస్తమన్నరు. సూపియ్యకపాయె. ఇయ్యకున్నా ఇచ్చినమని రాసుకున్నరు. ఇగ మేం ఎవల్నీ అడగరాకుంట జేసిన్రు. నౌకరి లేకపోవుడు ఒక బాధ. ఉన్నదని మీరు జెప్పుడు ఇంకో బాధ. రెండూ మేమే మొయ్యాల్నా?"

కొండలరావు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

"మేళాకి ముందే పైనుంచి సంఖ్య చెబుతారమ్మా. అది నింపాలి. నేను నింపాను," అన్నాడు.

తెల్లకాగితం తీసుకుని పద్నాలుగు పేర్లూ తన చేత్తోనే రాశాడు. వీరెవరికీ ఉద్యోగం రాలేదని కింద రాసి, సంతకం చేసి, ముద్ర వేసి, నకలు కరుణ చేతికిచ్చాడు.

పదకొండో రోజుకు తొమ్మిది పేర్లు సరిచేశారు. అందులో కరుణది ఉంది. హరిచందనది లేదు. కరుణకు సీటు తిరిగి వచ్చింది గానీ, అప్పటికే కోచింగ్‌లో సగం పాఠాలు అయిపోయాయి. ఆ సాయంత్రమే కరుణ నాన్నకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన, "మరి పేపరోళ్లు అబద్ధమని గూడ ఏస్తరా బిడ్డా?" అని అడిగాడు. వెయ్యరని చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం క్లాసు వదిలాక హరిచందనను వెంటబెట్టుకుని మళ్లీ ఆ కార్యాలయానికి వెళ్లింది. కొండలరావు కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు. ఆయన్ను ఎక్కడికి బదిలీ చేశారంటే ఎవరూ చెప్పలేదు. కొత్త అధికారి ఫోన్ చూసుకుంటూనే ఏం కావాలని అడిగాడు. ఏ జాబితా, ఏ మేళా, నాకేమీ తెలియదన్నాడు.

కరుణ కుర్చీ జరుపుకుని కూర్చుంది. హరిచందనను కూడా కూర్చోమంది. ఫోన్ పక్కన పెట్టమని ఆయనతో చెప్పి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.